మెదడు స్కాన్ రిపోర్టు డాక్టరు కంటే ముందు మన చేతికి రావాలా?

మారతహళ్ళి కోడలు:
మా మామగారికి 71 ఏళ్లు. తలనొప్పి తగ్గడం లేదని ఇక్కడే బెంగళూరులో ఎం.ఆర్.ఐ. తీయించాం. రిపోర్టు సాయంత్రానికే ఫోనుకు వచ్చేసింది, న్యూరాలజిస్టు చూసేది గురువారం. ‘మెదడు క్షీణత, చిన్న రక్తనాళాల ఇస్కీమిక్ మార్పులు, ఫజేకస్ గ్రేడ్ 1’ అని ఉంది. మామగారు అన్నం మానేశారు. ఇలా ముందే ఇవ్వడం న్యాయమేనా?

బసవనగుడి పెద్దాయన:
న్యాయం కాదమ్మా. అది స్కాన్ బొమ్మలు చదివే డాక్టరు, అంటే రేడియాలజిస్టు, మరో వైద్యుడికి రాసినది. ఆయన మీ మామగారితో మాట్లాడలేదు, కనబడినదల్లా రాశారు. లక్షణాలతో పోల్చి చూడమని చివర్లో రాసేదీ అందుకే. వెతికితే ఎవరి తలలోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో మామూలు జనంలోంచి 2,000 మందికి స్కాన్ తీశారు, సగటు వయసు 63. 7.2 శాతం మందిలో వాళ్లకే తెలియని పాత స్ట్రోకు మచ్చలు, 1.8 శాతం మందిలో రక్తనాళపు ఉబ్బులు బయటపడ్డాయి. 2007లో ప్రచురించారు. వాళ్లందరూ అన్నం మానేయాలా?

జయనగరం అక్క:
పెద్దాయనగారూ, తల ఆయనది, డబ్బు వాళ్లది, కాగితం మాత్రం వేరొకరిదా? డాక్టరు ముందు కూర్చునేది పది నిమిషాలు. ముందే చదివినవాళ్లే సరైన ప్రశ్న అడగగలరు. రేపు మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో రెండో అభిప్రాయం కావాలన్నా ఈ కాగితం ఉండాలి. సీడీ కూడా అడిగి తీసుకోండి, చూసేవారికి రాత కంటే బొమ్మలే ముఖ్యం.

స్కాన్ గది ఉద్యోగి:
ఇస్కీమిక్ అంటే రక్తం సరిగా అందకపోవడం. ఆ మార్పులు ఎంతున్నాయో చెప్పే ఫజేకస్ కొలత 0 నుంచి 3 వరకు. 1 అంటే తెల్లని చిన్న చుక్కలు. 3 అంటే అవి కలిసిపోయి పెద్ద మచ్చలు కావడం. డెబ్బై దాటినవారిలో 1 చాలా మామూలు, బీపీ ఉంటే మరీను. తలనొప్పికి కారణం అదేనని ఎవరూ అనలేదు. మైగ్రేన్ అయితే స్కాన్‌లో ఏమీ కనబడకపోవచ్చు. అసలు భయం నాకు మరోచోట. ఫిట్స్ వచ్చిన కుర్రవాడి రిపోర్టులో ‘ఉంగరంలాంటి మచ్చ’ అని ఉంటే ఇంట్లోవాళ్లు ఇంటర్నెట్‌లో వెతికి క్యాన్సర్ అని ఏడుస్తారు. మన దేశంలో అది టేప్‌వార్మ్ లార్వా వల్లనో, క్షయ వల్లనో రావడం ఎక్కువ. రెండింటికీ మందులున్నాయి.

బసవనగుడి పెద్దాయన:
చూశారా, నేను చెప్పినదే!

జయనగరం అక్క:
సగమే. రిపోర్టులో కొత్త స్ట్రోకు, రక్తస్రావం, మెదడు పక్కకు జరగడం లాంటివి ఉంటే గురువారం దాకా ఆగుతామా? చదివినవాళ్లే అదే రాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తేది.

బసవనగుడి పెద్దాయన:
అవి ఉంటే స్కాన్ సెంటరే వెంటనే డాక్టరుకు ఫోను చేయాలి. ఆ బాధ్యతను కోడలి నెత్తిన పెడతారా?

మారతహళ్ళి కోడలు:
అవేవీ మా రిపోర్టులో లేవు, ఇప్పుడే మళ్లీ చూశాను. ఆయనకు బీపీ ఉంది, మాత్ర మధ్యలో మానేశారు; గురువారం మొదట అడిగేది దాని గురించే. రిపోర్టు ముందే ఇవ్వడం సరే, అక్కా, మీతో ఏకీభవిస్తాను. కానీ ‘క్షీణత’ పక్కన ‘వయసుకు తగినంతే’ అని రాయడానికి వాళ్లకు ఎంత సిరా ఖర్చవుతుంది?