చేర్యాల పటంలో ఖాళీ జాగా లేకపోవడం తప్పా?

డ్రాయింగ్ మాస్టారు:
నేను హైస్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె ఆరడుగుల గుడ్డ మీద చేర్యాల పద్ధతిలో, అంటే కథను వరుస బొమ్మలుగా వేసే తెలంగాణ పటం తీరులో, తమ ఊరి బోనాల కథ వేసింది. పోటీలో దాన్ని గోడకు పరిచి చూసి, "కన్ను ఎక్కడ ఆగాలో తెలియడం లేదు, ఖాళీ లేదు, పర్‌స్పెక్టివ్ లేదు" అని మార్కులు కోశారు. పర్‌స్పెక్టివ్ అంటే దగ్గరవి పెద్దగా, దూరమైనవి చిన్నగా వేసి లోతు చూపడం. గీత, ఆకారం, రంగు, జాగా, తూకం, లయ అని నేనూ పాఠం చెబుతాను. ఆ పాఠంతో చేర్యాలను కొలవడం న్యాయమేనా?

పోస్టర్ డిజైనర్:
మాస్టారూ, ఆ సూత్రాలు మనిషి చూపు తీరును బట్టి పుట్టినవి. సంతలో అందరూ ఒకేసారి పిలిస్తే ఎవరి దగ్గర ఆగుతాం? అక్షరాల చుట్టూ జాగా వదలకపోతే నా పోస్టర్‌ను బస్సులోంచి ఎవరూ చదవలేరు. మన శిల్పులకూ తాళమానం అనే కొలతల పద్ధతి ఉంది కదా, కొలత లేకుండా విగ్రహం చెక్కరు.

సిద్దిపేట అక్క:
కొలత సరే తమ్ముడూ. కామసూత్రాల వ్యాఖ్యలో యశోధరుడు చెప్పిన చిత్రకళ షడంగాలు, అంటే ఆరు అంగాలు చూడు: రూపభేదం, ప్రమాణం (కొలత), భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. నువ్వన్న కొలత ఉంది, ఖాళీ జాగా అనే అంగం లేదు.

అసలు సంగతి వేరే ఉంది. పటం గోడబొమ్మ కాదు. కాకిపడగలవాళ్లనే కథకులు కథ చెబుతూ దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతారు, కర్రతో బొమ్మ చూపిస్తారు. ముప్పై అడుగుల పటమైనా ఆ నిమిషంలో మనం చూసేది కొన్ని బొమ్మలే. కన్ను ఎక్కడ ఆగాలో ఆ కర్ర చెబుతుంది, ఆ గొంతు చెబుతుంది. వరుసల మధ్య పూల అంచు వస్తే కథ ముందుకు జరిగిందని తెలుస్తుంది. బొమ్మల వెనకంతా ఒకే ఎరుపు. నన్నడిగితే ఆ ఎరుపే ఖాళీ జాగా, తెల్లగా లేదంతే.

పోస్టర్ డిజైనర్:
ఇది నాకు తట్టలేదు అక్కా. విప్పి చూపే పటం విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ ఇప్పుడు ఫ్రేము కట్టి అమ్మే చిన్న బొమ్మలకు కథకుడు లేడు, కర్రా లేదు. అక్కడ బొమ్మే అంతా చెప్పుకోవాలి. ఈ పటాలు వేసే నకాషీలు ఒక్క దృశ్యంతో చిన్నవి వేస్తున్నది అందుకే అనుకుంటాను.

డ్రాయింగ్ మాస్టారు:
ఆ అమ్మాయి దాన్ని చుట్ట చుట్టే తెచ్చింది. విప్పి మేకులు కొట్టింది మేమే. సోమవారం ప్రార్థన అయ్యాక ఆమె చేతే విప్పించి, కథ చెప్పిస్తాను. పర్‌స్పెక్టివ్ సంగతి మాత్రం ఇద్దరూ వదిలేశారు, దాని మీదా రాయండి.