కారు ఏసీకి రెండు నెలల్లోనే మళ్లీ గ్యాస్ పట్టించమంటున్నారు, పట్టించవచ్చా?

ప్రశ్న:
మేము విజయవాడలో ఉంటాం. మాది ఎనిమిదేళ్ల పెట్రోలు కారు. మార్చిలో ఏసీ చల్లదనం తగ్గిందని రోడ్డు పక్క షాపులో చూపిస్తే, పావుగంటలో గ్యాస్ నింపి, మిగతా చోట్ల అడిగినదాంట్లో సగమే తీసుకున్నారు. మే నెల వచ్చేసరికి మళ్లీ వేడిగాలే వస్తోంది. పైగా ఏసీ వేయగానే బానెట్ కింద గరగరమని చప్పుడు మొదలైంది. ఆ షాపాయన మళ్లీ గ్యాస్ పట్టిస్తే సరిపోతుందంటున్నారు. పట్టించమంటారా?

జవాబు 1:
దయచేసి పట్టించకండి. ఆ చప్పుడు దేనిదో తేలేదాకా ఏసీ స్విచ్ కూడా వేయకండి. ఏసీ గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది కాబట్టి, రెండు నెలల్లో తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపు) ఆయిల్ కూడా కొంత పోతుంది. ఆయిల్ చాలక లోపలి భాగాలు ఒరుసుకుని, ఆ లోహపు పొడి కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగం) దాకా చేరితే, కంప్రెసర్ ఒక్కటే మార్చినా కొత్తది కూడా పాడవుతుంది. పైగా వ్యాక్యూమ్ పంపుతో గాలినీ తేమనూ లాగేయకుండా గ్యాస్ ఎక్కిస్తే, ఆ తేమ వల్ల లోపల ఆమ్లాలు తయారై గొట్టాలను తినేస్తాయి. అలా లాగడానికే అరగంట పడుతుంది, మీకు పనంతా పావుగంటలో ముగించారు.

జవాబు 2:
ఏసీ పని చేసేవాడిగా ఒక మాట చేరుస్తాను. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది చాలా కార్లలో బానెట్ కింద స్టిక్కరు మీదే ఉంటుంది. పాత గ్యాస్‌ను యంత్రంతో బయటికి లాగి, సిలిండరును కాటా మీద పెట్టి స్టిక్కరు మీద ఉన్నంత బరువే ఎక్కించాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. ఒత్తిడి చూపే గేజి ముల్లు చూసి నింపితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఎండ వేడికి ముల్లు కూడా మారుతుంది. నాకు అన్నిటికంటే భయం కలిగించేది కల్తీ. కార్ల ఏసీల్లో వాడే ఆర్-134ఏ గ్యాస్ పేరుతో అమ్మే చవక డబ్బాల్లో వంటగ్యాస్ వంటివి కలిపినవీ ఉంటాయి. అవి చల్లదనం బాగానే ఇస్తాయి కానీ నిప్పు తగిలితే అంటుకుంటాయి. గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ ఉండేది డాష్‌బోర్డు వెనకే, అక్కడ లీకైతే గ్యాస్ నేరుగా మనుషులు కూర్చున్న చోటికే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇందాక బానెట్ ఎత్తి చూస్తే, కండెన్సర్‌కు గొట్టం కలిసేచోట రూపాయి బిళ్లంత మేర దుమ్ము నల్లగా పేరుకుని ఉంది. వేలు పెడితే జిడ్డు అంటింది.

జవాబు 2:
ఆ జిడ్డు గ్యాస్‌తోపాటు బయటికి వచ్చిన ఆయిల్‌దే కావచ్చు, కాబట్టి లీకు చాలా వరకు అక్కడే అయి ఉంటుంది. నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి సబ్బునీళ్లతో పరీక్షించమనండి. అతుకులో ఉండే రబ్బరు ఓ-రింగ్ ఒక్కటే పోయి ఉంటే ఖర్చు స్వల్పమే. అయితే ముందుగా ఆ గొట్టం విప్పించి, ఆయిల్‌లో వెండి రంగు పొడి మెరుస్తోందేమో మీ కళ్లతో చూడండి. మెరిస్తే కంప్రెసర్, కండెన్సర్ రెండూ మార్చక తప్పదు.