అప్‌డేట్: అమ్మానాన్న లండన్ చేరారు, దుబాయా దోహానా అని అడిగాను కదా

గుంటూరు నుంచి అమ్మానాన్నని అక్క దగ్గరికి పంపాలి, ఫ్లైట్ మారడానికి దుబాయ్ మేలా దోహా మేలా, ఖర్చు ఎక్కడ తక్కువ అని అడిగాను కదండీ, చివరికి దోహానే తీసుకున్నాం. టికెట్ తేడా పెద్దగా లేదు, కానీ దుబాయ్‌లో టెర్మినల్ 3 లోనే గేటుని బట్టి ఒక్కోసారి ట్రైన్ ఎక్కాల్సొస్తది, దోహాలో అంతా ఒకే టెర్మినల్, నాన్న మోకాళ్ళకి అదే నయం అనిపించింది. అక్కడ కూడా నడక తక్కువేం కాదులెండి, వీల్‌చైర్ టికెట్ అప్పుడే పెట్టించా, దానికి విడిగా డబ్బుల్లేవు. పెద్ద పసుపు టెడ్డీబేర్ బొమ్మ ఉంటది కదా, దాని ముందు ఫొటో దిగి గ్రూపులో పెట్టారు, అమ్మ అక్కడే కూర్చుని ఇంటి పులిహోర డబ్బా తీసిందంట, కాఫీ రేటు చూసి నాన్న ఖాళీ బాటిల్‌లో కుళాయి నీళ్ళు పట్టుకుని సరిపెట్టాడు!

లండన్ హీత్రో ఎయిర్‌పోర్ట్‌లో ట్రాలీ ఫ్రీ. పికప్‌కి మాత్రం కారు టెర్మినల్ ముందు ఆపనివ్వరు, పార్కింగ్‌కి కట్టాల్సిందే. సామాను తక్కువుంటే పికడిల్లీ లైన్ మెట్రో చవక, హీత్రో ఎక్స్‌ప్రెస్ ట్రైన్ 2, 3 టెర్మినల్స్ నుంచి 15 నిమిషాల్లో సిటీలోని పాడింగ్టన్ స్టేషన్ చేరుస్తది గానీ రేటు బాగా ఎక్కువ.

నిజం చెప్పాలంటే వీటన్నిటికంటే గుంటూరు నుంచి శంషాబాద్ క్యాబే బాదింది, రిటర్న్‌కి గన్నవరం కనెక్షన్ చూస్తున్నా.