లెక్క ప్రకారం, కాయితం మీద, పేరుకి: మూడూ ఒకటేనా?

"థియరిటికల్‌గా" అన్నదానికి తెలుగేంటని మా అమ్మాయి అడిగితే సిద్ధాంతరీత్యా అని చెప్పేశాను గానీ, మా కోనసీమలో ఆ మాట నోటితో అన్నవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. మేం లెక్క ప్రకారం అంటాం, కాయితం మీద అంటాం, పేరుకి అంటాం. మూడూ ఒకటే అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ.

మొన్న దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతు నీళ్ళ కోసం నేనూ మా బాబాయీ తూము దగ్గరికెళ్ళాం, మాది కాలవ చివర, శివారు. కాలవ నీళ్ళు చూసే లస్కరు గట్టు మీద కూచుని బీడీ కాల్చుకుంటున్నాడు. "నీళ్ళెప్పుడొస్తాయయ్యా" అంటే "లెక్క ప్రకారం రేపొద్దుటికి రావాలండి" అన్నాడు. అంతే, బాబాయి ఇంకో మాట లేకుండా బండి తిప్పి ఆయిలింజను అద్దెకి మాట్లాడ్డానికి పోయాడు. రావని అతనన్లేదు కదా! "రావాలి" దగ్గర ఆపాడు, ఆ తర్వాత రావాల్సిన "గానీ"ని బాబాయి వినేశాడు.

ఈ అర్థంలో లెక్క ప్రకారం అంటే వెనకాల -ఆలి పడాల్సిందే, రావాలి, ఉండాలి, సరిపోవాలి. కాస్త ఆశుంటుంది అందులో. అదే "లెక్క ప్రకారం వచ్చాయి" అనండి, అర్థమే తిరగబడిపోద్ది, నిజంగానే కొలిచినట్టు వచ్చాయని. కాయితం మీద అలాక్కాదు, ఆశా లేదు ఏం లేదు, ఎవరో రాశారు, అలా ఉందంతే. మా ఇంకో ముక్క ఇప్పటికీ కాయితం మీద మాగాణే, పదేళ్ళ బట్టీ అందులో రొయ్యలు పెరుగుతున్నాయి. గోదావరి డెల్టా ఆయకట్టు 10 లక్షల ఎకరాల పైచిలుకు అంటారు చూడండి, మా చెరువూ ఆ లెక్కలోదే. ఇక పేరుకి అంటే పని పోయి పేరొకటే మిగలడం: పేరుకి పంట బోదె, పొలానికి నీళ్ళు తెచ్చే పిల్ల కాలవ, నిండా గుర్రపుడెక్కే. నేతిబీరకాయ బాపతు.

— నామ్‌కే వాస్తే మర్చిపోయినవన్నా, మా కరీంనగర్ దిక్కు గదే అంటం.

— అది మొక్కుబడిగా చేసిన పనికే విన్నాను తమ్ముడూ, కాలవని కూడా అంటారా అలా?

— రెండిట్లకు వాడ్తమన్నా. గని నీళ్ళొచ్చినయా లేదా, అది చెప్పు ముందు.

— వచ్చాయి, నాలుగో రోజుకి. లెక్క ప్రకారం అప్పటికి మా వంతు అయిపోయింది.