వానపాముకి వెన్నుపాము ఉంటుందా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి. నిన్న సైన్సు చదువుతూ "నాన్నా, మనకి వెన్నుపాము ఉంది కదా, మరి వానపాముకి వెన్నుపాము ఉంటుందా?" అని అడిగింది. నాకు తెలియలేదు. అసలు నరాల తాడుని పాము అని ఎందుకన్నారో కూడా తెలియలేదు. కాస్త చెప్పగలరా?

జవాబు: మీ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం పాఠాలు చెప్పాను, ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి నన్నెవరూ అడగలేదు.

ముందు పాము సంగతి. వానపాము, ఏలికపాము, వెన్నుపాము, ఈ మూడూ నిజానికి పాములు కావు. కాళ్లూ చేతులూ లేకుండా పొడుగ్గా, గుండ్రంగా, మెత్తగా ఉన్నదాన్ని మనవాళ్లు పాము అనేశారు. అదే బల్లపరుపుగా ఉన్నదానికి ఆ పేరు పెట్టలేదు చూడండి, బద్దెపురుగు పురుగుగానే ఉండిపోయింది. మన వెన్నుపాము పెద్దవాళ్లలో దాదాపు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెనవేలంత లావు ఉంటుంది. పైన మెదడు పడగ విప్పినట్టు ఉంటుంది. వెన్నెముక చివరిదాకా రాదు, నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కిందికి నరాల కుచ్చు ఒకటి వేలాడుతుంది. దానికి లాటిన్‌లో పెట్టిన పేరుకి అర్థం 'గుర్రం తోక'.

పక్క భాషల్లో ఇదంతా తాడే. కన్నడంలో బెన్నుహురి, హురి అంటే పురితాడు. తమిళంలో తండువడం, వడం అంటే మోకు. హిందీలో మేరురజ్జు. అందరికీ రజ్జువు కనిపించిన చోట మనకి సర్పం కనిపించింది! రజ్జుసర్పభ్రాంతి గురించి, అంటే చీకట్లో తాడుని చూసి పాము అనుకోవడం గురించి, తెలిసినవాళ్లు ఇక్కడ కాస్త ఆగి ఆనందించవచ్చు. నాకైతే మన మాటే ఎక్కువ నచ్చుతుంది. తాడుకి ప్రాణం ఉండదు, దీనికి ఉంది.

ఇక వెన్ను. వెన్ను అంటే వీపు. మనం 'వ' పలికేచోట కన్నడం 'బ' పలుకుతుంది కాబట్టి అక్కడ బెన్ను అయింది, విల్లు బిల్లు అయినట్టు. వెన్నెముక, వెన్నుదన్ను, వెన్నుపోటు, అన్నిట్లోనూ ఉన్నది వీపే. అంటే వెన్నుపాము అనే మాటే అది ఎక్కడుందో చెప్పేస్తోంది. చిక్కంతా అక్కడే వచ్చింది. వానపాముకి నరాల తాడు ఉంది గానీ వీపు వైపు లేదు, పొట్ట వైపు ఉంది. చీమకీ, బొద్దింకకీ, రొయ్యకీ అంతే. అందుకని పుస్తకాల్లో దాన్ని నాడీదండం అంటారు. హైడ్రా, జెల్లీఫిష్ లాంటి ఇంకా పాత వంశాల్లో మనకున్నలాంటి మెదడూ లేదు, వెన్నుపామూ లేదు. నరాలు ఒంట్లో వలలా అల్లుకుని ఉంటాయి. కాబట్టి మీ అమ్మాయికి జవాబు: వానపాముకి వెన్నుపాము ఉండదమ్మా, పొట్ట వైపు నాడీదండం ఉంటుంది.

మరో సభ్యురాలు: క్షమించండి మాస్టారూ, రొయ్య విషయంలో నాకు సందేహం. నలభై ఏళ్లుగా రొయ్యలు ఒలుస్తున్నాను. నల్లనరం వీపు మీదే ఉంటుంది. అక్కడ గాటు పెట్టి లాగి పారేస్తాం.

జవాబు: మీరు లాగేది నరం కాదమ్మా, పేగు. నల్లగా ఉన్నది అది తిన్న తిండీ మట్టీ. మనం సన్నగా, పొడుగ్గా ఉన్న ప్రతిదాన్నీ నరం అంటాం. రక్తం పోయేదీ నరమే, పిక్క పట్టేసినా నరమే. ఈసారి పెద్ద రొయ్య తెచ్చినప్పుడు దాన్ని వెల్లకిలా తిప్పండి. కాళ్లు తీసేసి, పొట్ట వైపు పొర నెమ్మదిగా విప్పి వెలుతురులో చూస్తే మధ్యలో తెల్లటి సన్నని దారం, దాని మీద చిన్న చిన్న ముడులు కనిపిస్తాయి. అసలు నరం అదీ.

ఎతియెన్ జాఫ్రువా సాంతిలేర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1822లో సరిగ్గా ఇలాగే చేశాడు. లాబ్‌స్టర్‌ని, అంటే పీతకున్నట్టు పటకార్లున్న పెద్ద సముద్రపు రొయ్యలాంటి దాన్ని, వెల్లకిలా పెట్టి చూస్తే నరాల తాడు పైన, గుండె కింద, మధ్యలో పేగు వచ్చాయి. అచ్చం మన వరసే! అంటే మనమూ రొయ్యా ఒకే అమరికకి తిరగేసిన రూపాలమని ఆయన అన్నాడు. ఆయనలాగే ప్యారిస్‌లో ఉన్న జార్జ్ క్యువియే అనే మరో జంతుశాస్త్రవేత్త ఇలాంటి పోలికల్ని ఒప్పుకోలేదు. 1830లో ప్యారిస్ అకాడమీలో ఇద్దరూ బాహాటంగా వాదించుకున్నారు. పెద్దరికం క్యువియేది, ఆయనే గెలిచాడనుకున్నారు.

జాఫ్రువాకి న్యాయం జరగడానికి 1990లు రావాలి. పిండంలో బీఎంపీ అనే ప్రొటీన్ 'ఇక్కడ చర్మం కావాలి' అని చెబుతుంది. దాన్ని అడ్డుకునే ప్రొటీన్ ఉన్న వైపే నరాలు ఏర్పడతాయి. కప్పలో అడ్డుకునేదాని పేరు కార్డిన్, అది వీపు వైపు ఉంటుంది. పళ్ల మీద వాలే డ్రోసోఫిలా ఈగలో దాని పేరు సాగ్, అది పొట్ట వైపు. రెండూ ఒకే పాత జన్యువు నుంచి వచ్చాయి. ఈగ సాగ్‌ని కప్ప పిండంలో పెడితే అక్కడ వీపు భాగాలు తయారయ్యాయి. మన పూర్వీకుల్లో ఎవరో ఒకరు బోర్లా ఉన్నది వెల్లకిలా అయిందన్నమాట. నరాల తాడు వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టిందని వాదించేవాళ్లూ ఉన్నారు, ఆ చర్చ నడుస్తూనే ఉంది.

క్యువియే పేరు వచ్చింది కాబట్టి ఒక్కమాట. పాము కానిదాన్ని పాము అనుకోవడం తెలుగువాళ్లకే పరిమితం కాదు. ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ జాతి ఆడదాని లోపల కదులుతున్న పురుగు లాంటిది దొరికితే, క్యువియే 1829లో దాన్ని పరాన్నజీవి పురుగు అనుకుని హెక్టోకాటిలస్ అని పేరు పెట్టాడు, 'వంద గిన్నెలది' అని. అది పురుగు కాదు, మగదాని చెయ్యి. మగది రెండు సెంటీమీటర్ల పాటి బుల్లి ప్రాణి. బీజాన్ని ఒక ప్రత్యేకమైన చేతిలో పెట్టి, ఆ చేతినే తెంపి ఆడదానికి ఇచ్చేస్తుంది. సంగతి పూర్తిగా తేలేసరికి 1850లు వచ్చాయి. ఒంటి నుంచి తెగిపోయినా అది ఎలా కదిలిందంటే, ఆక్టోపస్‌కి నాడీకణాలు ఎక్కువగా ఉండేది చేతుల్లోనే. మామూలు ఆక్టోపస్‌లో ఉన్న దాదాపు 50 కోట్లలో మూడింట రెండు వంతులు అక్కడే ఉంటాయి. పురుగని పెట్టిన పేరు ఇవాళ్టికీ ఆ చేతికి అలాగే ఉంది.

ప్రశ్న అడిగినవారు: మాస్టారూ, అంతా చదివి వినిపించాను. నాడీదండం అంటే నోరు తిరగడం లేదట. 'పొట్టపాము' అనొచ్చా అంటోంది.

జవాబు: పొట్టపాము అంటే ఏలికపాములు అనుకుని పిల్లలకి మందు పట్టిస్తారండీ. 'పొట్టనరం' అనమనండి. రొయ్య ఒలిచేటప్పుడు వాళ్లమ్మతో వీపు మీది నల్లది పేగు, కిందది పొట్టనరం అని చెప్పుకోవడానికి వీలుగా ఉంటుంది.