అప్‌డేట్: ఎర్లీ డెసిషన్ జవాబు వచ్చింది

మార్కులు మామూలుగా ఉన్నా, అమెరికాలో సీటు దొరకడం బాగా కష్టమైన యూనివర్సిటీకి ఎర్లీ డెసిషన్‌లో (ఒక్క యూనివర్సిటీకి ముందుగా అప్లై చేసి, సీటిస్తే అక్కడే చేరతామని ఒప్పుకునే పద్ధతి) అప్లై చేయొచ్చా అని అడిగాను కదా. నవంబర్ 1 గడువులోపే పంపాను. డిసెంబర్ మధ్యలో డిఫర్ చేశారు. అంటే తిరస్కరించలేదు, రెగ్యులర్ దరఖాస్తులతో కలిపి మళ్లీ చూస్తారు. ఆ రాత్రి చాలా ఏడ్చాను.

మీరు చెప్పిందే నిజం. కోచ్‌లు ముందే ఎంచుకున్న క్రీడాకారులు, కొన్నిచోట్ల పూర్వ విద్యార్థుల పిల్లలు కూడా ఎర్లీలోనే ఉంటారు, అందుకే అక్కడ ఎంపిక శాతం ఎక్కువగా కనిపిస్తుంది. నేను ఆ అంకె చూసే ఆశపడ్డాను.

ఇంకో పొరపాటు, ఖర్చు లెక్క చూడకుండానే అమ్మానాన్నలతో ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టించడం. డిఫర్ అయ్యాక ఆ ఒప్పందం మమ్మల్ని కట్టేయదు. ఈసారి ముగ్గురం కూర్చుని నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో (ఆర్థిక సాయం పోగా మనం కట్టాల్సింది ఎంతో అంచనా చెప్పే ఆన్‌లైన్ సాధనం) చూసుకున్నాకే మిగతా ఆరు యూనివర్సిటీలకు పంపాను.