పలుచని వాచీయా, డైవర్ వాచీయా?

గట్టుమీద: వచ్చే నెల మా తమ్ముడి పెళ్లి. ఒక్క వాచీయే కొనగలను. పలుచని టైటన్ ఎడ్జ్ వైపు మనసు లాగుతోంది, మిత్రులేమో నీటి అడుగున ఈదేవారి కోసం చేసిన సీకో డైవర్ కొనమంటున్నారు. పెట్టుకొని తిరిగినవారు చెప్పండి.

పాతకీలు: నాది ఎడ్జ్. 2002లో వచ్చిన తొలి మోడల్ లోపలి యంత్రం మందం 1.15 మిల్లీమీటర్లు, వాచీ మొత్తం కలిపితే 3.5. ఇంచుమించు రెండు రూపాయి బిళ్లలు పేర్చినంత. కఫ్ బొత్తాం పెట్టుకున్నా దాని కిందికి దూరిపోతుంది. చేతికి ఉందో లేదో అని నేనే తడుముకుంటాను.

ఉప్పుగాలి: నాది సీకో ఎస్‌కేఎక్స్007, మందం 13 మిల్లీమీటర్ల పైనే. ఎడమ కఫ్ దాని మీదికి ఎక్కి కూర్చుంటుంది. అందుకే ఆ ఒక్క కఫ్ అర అంగుళం వదులుగా కుట్టమంటాను, మా దర్జీ ప్రతిసారీ నవ్వుతాడు. చేతి కదలికతో నడిచేది కాబట్టి రెండు రోజులు బీరువాలో పెడితే ఆగిపోతుంది. కీ ఇచ్చే వీలు లేదు, చేత్తో ఊపాల్సిందే. అయినా వదల్లేను. నీళ్లలో దిగింది లేదు గానీ, ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టగానే బెజెల్ (గాజు చుట్టూ తిరిగే వలయం) మీది చుక్కను నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పుతాను. ఎన్ని నిమిషాలైందో లెక్క కట్టనక్కర్లేదు.

గట్టుమీద: ఆ బెజెల్ ఒకవైపే తిరుగుతుందట, ఎందుకండీ?

ఉప్పుగాలి: నీటి అడుగున పొరపాటున దేనికైనా తగిలి జరిగినా, గడిచిన సమయం ఎక్కువగానే చూపాలి గానీ తక్కువగా చూపకూడదు. అప్పుడు ఈతగాడు గాలి అయిపోకముందే పైకి వస్తాడు.

చెరువుగట్టు: నా అనుభవం ఒకటి. కంపెనీ పేరెందుకు గానీ, పలుచని వాచీ వెనక 30 మీటర్లని ఉంటే నమ్మి ఈతకొలనులో దిగాను. సాయంత్రానికి గాజు కింద ఆవిరి. ఆ అంకె కదలని నీటి ఒత్తిడి లెక్క అని తరువాత తెలిసింది. వాన తుంపర, చేతులు కడుక్కోవడం, అంతవరకే. ఈత కొట్టేవారికి 100 ఉంటే నిశ్చింత. సీకో డైవర్‌కు 200.

గట్టుమీద: నిన్న పెళ్లి లాల్చీ వేసుకొనే షాపుకు వెళ్లాను. సీకో పెట్టుకుంటే నా సన్నని మణికట్టుకు రెండువైపులా పొడుచుకొచ్చింది. ఎడ్జ్ తీసుకున్నాను. వసంతాలాట మొదలవగానే విప్పి మా అమ్మ చేతికిచ్చేస్తాను లెండి.